జీరో టికెట్

బస్సెక్కంగనే కండక్టరమ్మ నా ఆధార్ కార్డు దిక్కు
చూసీ చూడనట్టు చూసి టికెట్ చింపుతది.
బోరబండ నుంచి పంజగుట్ట. సున్న రూపాయలు.
నేను మాత్రం ఇరవై అనే రాసుకుంట.
పోంగ ఇరవై, రాంగ ఇరవై.
ఇంటికొచ్చి చెప్పులిడువకముందే
నలభై తీసి ఉస్మానియా బిస్కెట్ల డబ్బల ఏస్త.
బిస్కెట్లు నేను తినలే,
ఆస్పత్రిల సిస్టరమ్మ ఖాళీ డబ్బ ఇచ్చింది.
సర్కారు ఇడిసిపెట్టిన పైసలు
నేనెందుకు ఇడిసిపెడత?

లెక్కల పుస్తకం మా నవ్యశ్రీది, ఏడో తరగతిది.
ముంగట దాని లెక్కలు, టీచరమ్మ ఎర్ర టిక్కులు.
ఎనక నుంచి నాయి.
వీటికి టిక్కులెవ్వరు కొట్టరు.

జీతం ఐదో తారీఖు వస్తది, ఏడు దాకా ఉంటది.
కిరాయి నాలుగున్నర వేలు, కరెంటు వేరె, మోటరు పైసలు వేరె.
ఓనరమ్మ మా బకెట్లు లెక్కవెడ్తది.
భవర్‌లాల్ సేఠ్ నూనె ప్యాకెట్ చేతికియ్యకముందే
ఖాతాల రాస్తడు, రాసినంకనే రేటు చెప్తడు.

గ్యాస్ బండ మీద సుద్దముక్కతోని తారీఖు రాస్త.
పోయిన బండ నలభై ఏడు దినాలొచ్చింది.
పప్పు పొద్దుగాలనే నానవెడితె,
అన్నం ఇంకా పలుకుండంగనే మంట బందువెట్టి మూతవెడితె
ఇంకో మూడు దినాలు గుంజొచ్చు.
యాభై చేసి చూపిస్తనని మా ఆయనతోని పందెం కాసిన.
ఎవరు గెలిచినా పైసలు నాయే.

ఆయన అనంతరాములు, పెయింటర్.
ఊరోళ్ళ గోడలకు వాళ్ళడిగిన రంగులేస్తడు.
మా గోడకు డబ్బాల అడుగున మిగిలినయన్ని కలిపి ఏసిండు,
ఆ రంగుకు పేరు లేదు.
శ్రావణంల వాన పందొమ్మిది దినాలు పట్టింది.
ఓ రాత్రి డబ్బ మూత చప్పుడు
కండ్లు మూసుకొనే ఇన్న.
తెల్లారి చూస్తె ఆరు వందలు తక్కువ, ఓ చీటి ఎక్కువ.
"తీస్కున్న. ఇస్త."
దసరా దాటినంక ఇచ్చిండు,
నోట్ల మీద ఎవరింటిదో పసుపు రంగు.

కౌసర్ ఆపా చిట్టి ఇరవై మందిది, నెలకు వెయ్యి.
పాటల నోరు తెరవొద్దు, ఆఖరు దాకా ఆగాలె అనుకున్న.
ఆరో నెలల ఇంటర్ ఫీజు వచ్చి గుమ్మంల నిలవడ్డది.
పాడిన. ఐదు వేల ఎనిమిది వందలు పాయె.
ఆ అంకె మూడు దినాలు పుస్తకంల ఎక్కియ్యలే.
ఎక్కిచ్చిననాడు సన్నగ, మూలకు రాసిన.

మొన్న ఇరవై ఆరో తారీఖు డ్యూటీ దిగినంక
వానకు ఇరానీ హోటల్ ముంగట నిలవడ్డ.
పదేండ్ల సంది ఆ అద్దాలు బస్సులకెల్లే చూసిన.
ఎట్ల పోయిన్నో, లోపలికి పోయిన.
కుర్చీల కూసున్న. ఒక్కదాన్నే.
చాయ్, రెండు ఉస్మానియా.
ఎంతసేపు ముంచాల్నో తెల్వక
బిస్కెట్ ఇరిగి అడుగుకు పోయింది.
అడగకముందే పిలగాడు చెంచ తెచ్చి పెట్టి,
నా మొకం దిక్కు చూడకుండ పోయిండు.

రాత్రి పుస్తకం తెరిచిన. యాభై రెండు రూపాయలు.
దేని కింద రాయాలె?
పాలు కాదు, సేఠ్ కాదు, మందులు కాదు.
పెన్ను పట్టుకొని శానసేపు కూసున్న.
"నాకు" అని రాసిన.

ఆయన చదివిండు.
"నాకంటె? నాకా?"
"నీకు కాదు. నాకు."
ఇంకోసారి చదివిండు.
వాన సంగతి, ఇరిగిన బిస్కెట్ సంగతి,
చెంచ సంగతి చెప్పిన.
"చెంచకెంత తీస్కున్నరు?" అన్నడు.
"జీరో," అన్న.